బొటనవేలి బుడతడు

గుడారం జిప్పు తీయకముందే
హెల్వే అత్త నా నోట్లో రై రొట్టె ముక్క కుక్కింది.
"పరగడుపున పక్షి గొంతు వింటే
ఏడాదంతా మోసపోతావు."
మా అవ్వల కాలం నాటి లెక్క ఇది.
ఇంకా నములుతూనే ఉన్నాను,
నీళ్ళ అవతల కుకూ మొదలుపెట్టింది.
గెలిచాం అన్నట్టు నవ్వింది అత్త.

సోమా అడవిలో ఇది ఐదో ఋతువు.
చలికాలం వెళ్తూ వెళ్తూ
ఇంకా చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది,
వసంతం గుమ్మంలో నిలబడి ఉంటుంది.
ఈలోపు మంచు కరిగి
ఏళ్ళన్నీ గట్లు మరిచిపోయి
దారుల మీదికి, కంచెల మీదికి,
ఎండెల్ వాళ్ళ బంగాళాదుంపల మడి మీదికి
అడక్కుండా వచ్చి కూర్చుంటాయి.
ఆస్పెన్ మాను తొలిచిన దోనె మాకిచ్చి
"మా ఉత్తరాల డబ్బా మీదుగా పోండి, దగ్గరి దారి"
అన్నాడు ఎండెల్.
వేళాకోళం అనుకున్నాను.
కాసేపటికి దోనె అడుగు దేనికో తగిలి
టంగుమంది.

రైల్వే టికెట్ల కిటికీ వెనక
బతుకంతా కూర్చున్న మనిషి అత్త.
పక్షుల్నీ అలాగే రాస్తుంది:
ఎవరు, ఎందరు, ఎన్నింటికి.
ముప్పై ఒక్క వసంతాలు, ఒకటే నోటుబుక్కు,
మధ్యలో రెండుసార్లు కుట్టు వేసింది.
బెగ్గురు కొంగలు, రెండు, ఐదూ నలభై.
ఉల్లంకి, ఒకటి, రాత్రి తొమ్మిదింబావు,
చీకట్లోకి దూకుతూ తోక ఈకలతో మేకలా అరిచింది
(దాన్ని మేం ఆకాశ మేక అంటాం).
బీవరు, ఒకటి. పక్కన చిన్నక్షరాల్లో:
పక్షి కాదు గానీ, తోకతో నీళ్ళు కొట్టి తిట్టింది.

స్ప్రూస్ చెట్ల దిబ్బ మీద మధ్యాహ్నం
టీ కాచుకుంటూ తలెత్తితే
బొటనవేలి బుడతడు.
మా భాషలో వాడి పేరే అది.
ఐదారు గ్రాముల పిట్ట, నెత్తిన పసుపు గీత,
సూదిని సూదితో రాసినట్టు పాట.
నేను వింటున్నాను.
అత్త చూస్తోంది.
ముక్కు తెరుచుకోవడం, గొంతు వణకడం,
ఆ వణుకు తోకదాకా పాకడం
అన్నీ చూస్తోంది.
దుర్భిణి దించకుండానే అడిగింది:
"ఇప్పుడు పాడుతున్నాడా?"

"ఆఁ."
"ఎప్పట్నుంచి?"
పొద్దుట్నుంచీ అనలేకపోయాను.
"ఇప్పుడే" అన్నాను.
టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టే మనిషి,
నా వైపు ఒక్కసారి చూసి
టీలో పంచదార కలుపుకుంది.

ఆవిడ నిద్రపోయాక
టార్చి వెలుగులో నోటుబుక్కు తిరగేశాను.
మూడేళ్ళుగా బుడతడి వరసలో
పేరుంది, అంకె ఉంది,
వేళ లేదు.

ఎప్పుడు కన్ను మూతపడిందో,
భుజం మీద చెయ్యి పడింది.
"విను."
ఏమీ లేదు. చినుకు కూడా లేదు.
"అలా కాదు. నేలకి చెంప ఆనించు."
తడి నాచు కిందనుంచి, ఎముకల్లోంచి,
ఖాళీ కాగులోకి ఎవరో ఊదినట్టు
హ్యూప్.
మళ్ళీ, చాలాసేపాగి, హ్యూప్.
మూడు కిలోమీటర్ల అవతల రెల్లులో
మెడ పైకెత్తి తానూ రెల్లే అన్నట్టు నిలబడే
గోధుమరంగు కొంగ.
"గంటన్నరైంది వాడు మొదలెట్టి" అంది అత్త.
"నువ్వు గురక పెడుతున్నావు."

తెల్లారేసరికి గుడారం ముందు
ఒక మూస్ దుప్పి నిలబడి ఉంది.
ఈదుకుంటూ వచ్చిందేమో,
గడ్డం కింద తోలు నుంచి నీళ్ళు కారుతున్నాయి.
మా కెటిల్ వాసన చూసింది, నచ్చలేదు.
అత్త నా మణికట్టు పట్టుకుంది.
అది వెళ్ళిపోయాక కూడా
వదలడం మరిచిపోయింది.

తర్వాత పెన్సిల్ నా చేతికిచ్చింది.
"నిన్నటి బుడతడు. నిజం వేళ చెప్పు."
"ఆరుంబావు, ఉదయం."
"రాయి. పక్కన నీ పేరు కూడా.
ఎవరి చెవి అన్నది తెలియాలి కదా."

పేరులో రెండో అక్షరం రాస్తుండగా
నీళ్ళ మీదుగా కుకూ.
రొట్టె సంచిలోనే ఉంది.
ఇద్దరం పరగడుపునే ఉన్నాం.